ఒక్క సాక్షి చాలదు: ల్యాబ్ మిషన్ మన బుడ్డల గురించి చెప్పే మాటను ఎట్లా నమ్మాలి?

పై వీడియోలో రెండు ల్యాబ్ రిపోర్టులు చేతిలో పట్టుకుని మాట్లాడాను గదా. అందులో టైం చాలక వదిలేసిన సంగతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వీడియో చూసినవాళ్ళు ఇది కూడా ఓపికగా చదవండి. ప్రకృతి వ్యవసాయం చేసి, ఆ పంటకు నాలుగు రూపాయలు ఎక్కువ రావాలనుకునే ప్రతి రైతుకూ ఇది అవసరం.

ఎందుకంటే మన పంట మంచిదని మనం చెప్తే కొనేవాడు నమ్మడు. పక్క ఊరి రైతు చెప్పినా నమ్మడు. ల్యాబ్ కాగితం అడుగుతాడు. ఆ కాగితంలో ఒక అంకె ఉంటుంది. ఆ ఒక్క అంకె మీద మన లారీ లోడు నిలబడుతుంది, లేదా వెనక్కి తిరుగుతుంది. మరి ఆ అంకెను మిషన్ ఎట్లా కనుక్కుంది? అది తప్పు కాదని ఎట్లా తెలుస్తుంది? మిషన్ కదా, అబద్ధం చెప్పదులే అనుకుంటాం. మిషన్ అబద్ధం చెప్పదు గానీ పొరబడుతుంది. అందుకే పెద్ద పెద్ద సైంటిస్టులు కూడా ఒక్క మిషన్ మాట మీద ఏదీ తేల్చరు.

మనం వెతికేది ఎంత చిన్నదో ముందు చూద్దాం

చాలా పురుగుమందులకు యూరప్‌లో ప్రత్యేకంగా పరిమితి పెట్టకపోతే, కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని నియమం. క్వింటా బుడ్డల్లో ఒక్క మిల్లీగ్రాము అన్నమాట. అంటే ఒక ఉప్పు రాయిలో చిన్న ముక్క. దాన్ని క్వింటా పంటలో వెతికి పట్టుకోవాలి.

బుడ్డల్లో వచ్చే బూజు విషం అఫ్లాటాక్సిన్ లెక్క ఇంకా చిన్నది. నేరుగా తినే వేరుశనగకు యూరప్‌లో కిలోకు మొత్తం 4 మైక్రోగ్రాములే పరిమితి. మన దేశంలో నేరుగా తినేవాటికి 10, ఇంకా ప్రాసెస్ చేయాల్సినవాటికి 15 మైక్రోగ్రాములు. 10 మైక్రోగ్రాములంటే ఒక టన్నులో 10 మిల్లీగ్రాములు.

ఇంత చిన్నదాన్ని వెతికేటప్పుడు అసలు చిక్కు ఏందంటే, అసలైన సంకేతం కంటే చుట్టూ ఉండే గోల ఎక్కువ. నూనె, ప్రొటీన్, గింజ పైపొర రంగు, కరెంటు హెచ్చుతగ్గులు, అన్నీ మిషన్‌కు ఏదో ఒకటి వినిపిస్తూనే ఉంటాయి. సంతలో దూరం నుంచి మన పేరు ఎవరో పిలిచినట్టు అనిపిస్తుంది చూడండి, అట్లాంటిదే. నిజంగా పిలిచారా, గోలలో అట్లా వినిపించిందా? పక్కనున్నవాడిని "నీకూ వినపడిందా?" అని అడుగుతాం. అతను కూడా అదే సమయంలో అదే దిక్కు నుంచి విన్నానంటే తిరిగి చూస్తాం. ఈ వ్యాసం మొత్తం ఆ ప్రశ్న గురించే.

మన పక్కనే, కోలార్ గనుల్లో జరిగిన కథ

ఈ పద్ధతికి గొప్ప ఉదాహరణ మనకు దగ్గర్లోనే ఉంది. చిత్తూరు సరిహద్దు దాటితే వచ్చే కోలార్ బంగారు గనులు. కర్ణాటకలో ఉన్నా అక్కడ తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ గనుల్లో బంగారం ఒక్కటే కాదు, న్యూట్రినోలను కూడా పట్టుకున్నారు.

న్యూట్రినో అనేది చాలా చిన్న కణం. దానికి కరెంటు ఛార్జి ఉండదు. భూమిలో ఒక వైపు దూరి ఇంకో వైపు బయటపడుతుంది, దారిలో దేన్నీ తాకదు. ఎప్పుడో ఒకసారి రాతిలోని అణువును గుద్దుకుంటే మ్యుయాన్ అనే ఇంకో కణం పుడుతుంది. ఆ మ్యుయాన్ కనపడితేనే న్యూట్రినో వచ్చిందని తెలిసేది. కానీ పైన ఆకాశం నుంచి మామూలు మ్యుయాన్లు వానలాగా కురుస్తూనే ఉంటాయి. ఆ వాన తగలకుండా ఉండాలంటే లోతుకు పోవాలి.

అందుకే బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, జపాన్‌లోని ఒసాకా సిటీ యూనివర్సిటీ, ఇంగ్లండ్‌లోని డర్హమ్ యూనివర్సిటీ వాళ్ళతో కలిసి కోలార్ గనిలో సుమారు 7,600 అడుగుల లోతున, అంటే దాదాపు 2.3 కిలోమీటర్ల కింద పరికరాలు పెట్టారు. ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్, వి.ఎస్. నరసింహం లాంటి వాళ్ళు ఆ బృందంలో ఉన్నారు. మన బోర్లు వెయ్యి అడుగులు దాటితేనే అమ్మో అంటాం. దానికి ఏడున్నర రెట్ల లోతు అది.

పరికరం కట్టిన తీరు చూడండి. ఎదురెదురుగా రెండు నిలువు గోడలు. ఆ గోడలు సింటిలేటర్ అనే ప్లాస్టిక్ పలకలతో చేసినవి. కణం దూరితే ఆ పలకలో చిన్న వెలుగు వస్తుంది. ఆ వెలుగును ఫోటోమల్టిప్లయర్ అనే గొట్టాలు చూస్తాయి, ఒక్కో పలకకు రెండేసి. రెండు గోడల మధ్య నియాన్ గ్యాస్ నింపిన గాజు గొట్టాల వరుసలు పెట్టారు. ఈ గోడలో, ఆ గోడలో ఒకేసారి వెలుగు వస్తేనే నియాన్ గొట్టాలకు పెద్ద వోల్టేజి పోతుంది. అప్పుడు కణం ఏ గొట్టాల గుండా పోయిందో అవి మాత్రమే మెరుస్తాయి, కెమెరా ఫోటో తీస్తుంది.

అంటే ఇక్కడ రెండు రకాల సాక్షులు. పలకలు "ఎప్పుడు" అనేది చెప్తాయి. నియాన్ గొట్టాలు "ఏ దారిలో" అనేది చెప్తాయి. ఒకదాని పనితీరు ఇంకొకదానికి సంబంధం లేదు. పైగా అంత లోతులో మామూలు మ్యుయాన్లు దాదాపు నెత్తిమీద నుంచే వస్తాయి. పక్క నుంచి రావాలంటే అవి దాటాల్సిన రాయి చాలా ఎక్కువ. కాబట్టి అడ్డంగా పోయిన గీత కనపడితే అది దగ్గరి రాతిలో న్యూట్రినో పుట్టించిన మ్యుయాన్ అని అర్థం.

1965లో ఆ గీతలు కనపడ్డాయి. ఆకాశంలో కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే న్యూట్రినోలను గుర్తించడం ప్రపంచంలో అదే మొదలు. అదే సమయంలో దక్షిణాఫ్రికాలో ఇంకో బంగారు గనిలో ఫ్రెడరిక్ రైనెస్ బృందం వేరే పరికరంతో ఇదే చూసింది. కోలార్ వాళ్ళ పేపర్, వాళ్ళ పేపర్ ఒకే నెలలో, 1965 ఆగస్టులో అచ్చయ్యాయి. రెండు ఖండాల్లో, రెండు గనుల్లో, ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు పరికరాలు ఒకే మాట చెప్పాయి. ఇంక కాదనేవాడు ఎవడు?

కోలార్ గనులు 2001లో మూతపడ్డాయి. ఆ పద్ధతి మాత్రం అన్ని చోట్లా నడుస్తూనే ఉంది.

సాక్షులు పెరిగితే గోల ఎట్లా తగ్గుతుంది? చిన్న లెక్క

ఒకేసారి మోగితేనే లెక్కలోకి తీసుకోవడాన్ని కోఇన్సిడెన్స్ పద్ధతి అంటారు. జర్మనీ సైంటిస్టు వాల్టర్ బోథే 1920లలో దీన్ని మొదలుపెట్టాడు, 1954లో నోబెల్ బహుమతిలో భాగం అందుకున్నాడు. ఇందులో గొప్పతనం లెక్క వేస్తేనే తెలుస్తుంది.

ఒక డిటెక్టర్ ఊరికే, కారణం లేకుండా సెకనుకు 100 సార్లు మోగుతుంది అనుకుందాం. సెకనులో పది లక్షో వంతు వ్యవధిలో కలిసి మోగితేనే "ఒకేసారి" అని లెక్క పెడదాం.

• ఒక్క డిటెక్టర్ ఉంటే: సెకనుకు 100 తప్పుడు కేకలు.
• రెండు ఉంటే: 50 సెకన్లకు ఒకటి.
• మూడు ఉంటే: సుమారు 4 రోజులకు ఒకటి.
• నాలుగు ఉంటే: దాదాపు 80 ఏళ్ళకు ఒకటి.

డిటెక్టర్లు మంచివి కాలేదు, అవే గోల డిటెక్టర్లు. వాటిని కలిపి అడిగే తీరు మాత్రం మారింది. నాలుగు పనికిమాలిన కుక్కలైనా సరే, నాలుగూ ఒకేసారి ఒకే దిక్కు చూసి మొరిగితే దొంగ వచ్చినట్టే.

అయితే ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది. ఆ నాలుగూ దేనికది విడిగా ఉండాలి. నాలుగింటికీ ఒకే కరెంటు వైరు ఉండి, ఆ వైరులో స్పార్క్ వస్తే నాలుగూ ఒకేసారి మోగుతాయి. అప్పుడు నలుగురు సాక్షులు కాదు, ఒకే ఇంటి మాట నాలుగు నోళ్ళతో విన్నట్టు.

2011లో ఇటలీలో ఇదే జరిగింది. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ నుంచి 730 కిలోమీటర్ల దూరం పంపిన న్యూట్రినోలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందు వచ్చాయని ఓపెరా అనే బృందం ప్రకటించింది. వేలకొద్దీ కణాలు కొలిచారు, లెక్క గట్టిగానే ఉంది. కానీ కొలతలన్నీ ఒకే టైం వ్యవస్థ మీద ఆధారపడ్డాయి. ఆ తర్వాత చూస్తే ఒక ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించలేదు. 2012లో అదే ల్యాబ్‌లో ఉన్న ఇకారస్ అనే వేరే డిటెక్టర్ కొలిస్తే న్యూట్రినోలు కాంతి వేగంతోనే వచ్చాయని తేలింది. ఒకే పరికరంతో వెయ్యిసార్లు కొలిచినా అది ఒక్క సాక్షే.

హిగ్స్ బోసాన్ విషయంలో అందుకే జాగ్రత్త పడ్డారు. సెర్న్‌లో అట్లాస్, సీఎంఎస్ అని రెండు డిటెక్టర్లు వేర్వేరు డిజైన్లతో, వేర్వేరు బృందాలతో కట్టారు. 2012 జూలై 4న ఇద్దరూ ఒకే రోజు ఒకే మాట చెప్పాకే ప్రపంచం ఒప్పుకుంది.

ఇప్పుడు మన ల్యాబ్‌లోకి వద్దాం

పురుగుమందు అవశేషాలు చూసే మిషన్ పేరు ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్. బరువును బట్టి అణువులను వేరు చేసే మాస్ స్పెక్ట్రోమీటర్ ఇది. ఇమిడాక్లోప్రిడ్ మందును ఉదాహరణగా తీసుకుందాం. విత్తనశుద్ధిలో, పత్తిలో, మిరపలో వాడేది మనందరికీ తెలుసు.

మొదట నమూనాను మెత్తగా చేసి, ద్రావకంలో మందును బయటికి లాగుతారు. ఆ ద్రావకాన్ని సన్నటి కాలమ్‌లోకి పంపుతారు. ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికి వస్తుంది. మందు కూడా తన సమయానికే రావాలి, 0.1 నిమిషం కంటే తేడా ఉండకూడదు. ఇది మొదటి సాక్ష్యం.

బయటికి వచ్చినదానికి ఛార్జి ఇచ్చి మొదటి జల్లెడలోకి పంపుతారు. ఇమిడాక్లోప్రిడ్ అయాన్ బరువు 256. ఆ బరువు ఉన్నవే దాటుతాయి. ఇది రెండోది. కానీ 256 బరువు ఉన్న పదార్థాలు ప్రపంచంలో ఇంకా ఎన్నో ఉంటాయి గదా? అందుకని వాటిని గ్యాస్‌తో గుద్దించి పగలగొడతారు. ఇమిడాక్లోప్రిడ్ పగిలితే 209, 175 బరువున్న ముక్కలు వస్తాయి. చివరి జల్లెడలో ఆ రెండు ముక్కలూ కనపడాలి. అంతే కాదు, రెండు ముక్కల మధ్య నిష్పత్తి కూడా శుద్ధమైన మందులో ఎంత ఉందో అంతే ఉండాలి. యూరప్ మార్గదర్శకాల ప్రకారం 30 శాతం కంటే తేడా వస్తే ఒప్పుకోరు.

సమయం, బరువు, మొదటి ముక్క, రెండో ముక్క, నిష్పత్తి. ఇన్ని కలిస్తేనే "ఉంది" అని రాయాలి. కోలార్ గోడలు ఒకేసారి మెరవడానికీ దీనికీ ఆలోచన ఒకటే.

కానీ ఇందాకటి షరతు గుర్తుంచుకోండి. ఈ సాక్ష్యాలన్నీ ఒకే నమూనా, ఒకే మిషన్ నుంచి వచ్చినవి. "ఇది ఇమిడాక్లోప్రిడే" అని అవి గట్టిగా చెప్పగలవు. అది మీ చేనులోనే వచ్చిందా, సంచికి అంటుకుందా, పక్క చేను నుంచి గాలికి వచ్చిందా అనేది చెప్పలేవు. దానికి వేరే సాక్షి కావాలి.

ఒకేసారి కొలవడం: బోరు పైపు ఉదాహరణ

మాస్ స్పెక్ట్రోమీటర్లలో ఇంకో రకం ఉంది. పక్కపక్కనే చాలా డిటెక్టర్లు, కప్పుల్లాగా అమర్చి ఉంటాయి. దీన్ని మల్టీ కలెక్టర్ అంటారు. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐలో ఇట్లాంటి మిషన్ ఉంది.

మీ బోరు నీళ్ళు రెండు చేన్లకు రెండు పైపుల్లో పోతున్నాయి. ఏ పైపులో ఎంత పోతుందో చూడాలి. మీ దగ్గర ఒకే బకెట్ ఉంటే ఈ పైపు కాసేపు, ఆ పైపు కాసేపు కొలుస్తారు. మధ్యలో వోల్టేజి పడిపోతే రెండో పైపులో తక్కువ పోతున్నట్టు తప్పు లెక్క వస్తుంది. రెండు బకెట్లు ఒకేసారి పెడితే? వోల్టేజి పడితే రెండింటిలోనూ తగ్గుతుంది, నిష్పత్తి మారదు. మిషన్ లోపలి ప్లాస్మా మంట కూడా మన వోల్టేజి లాగే ఊగుతుంది. కప్పులన్నీ ఒకేసారి పట్టుకుంటే ఆ ఊగుడు కొట్టుకుపోతుంది.

కడప జిల్లావాళ్ళకు ఇది దూరపు సంగతి కాదు. పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది, చుట్టుపక్కల రైతులు బోరు నీళ్ళ మీద భయం చెప్తూనే ఉన్నారు. తాగే నీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాముల యురేనియం అనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. ఎంత ఉందో ఒక అంకె చెప్తుంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ అంకె చెప్పదు, ఎందుకంటే వేంపల్లె రాతిలోనే యురేనియం సహజంగా ఉంది. రాతి నుంచి మెల్లగా కరిగిన నీటిలో యురేనియం 234 రకం కాస్త ఎక్కువ పాలు ఉండటం మామూలు. రాయి మొత్తం కరిగించినప్పుడు ఆ తేడా తగ్గుతుంది. ఆ నిష్పత్తిని నమ్మకంగా కొలవాలంటే ఇట్లాంటి సున్నితమైన మిషన్లు కావాలి. అప్పుడు కూడా ఒక్క నిష్పత్తితో తీర్పు చెప్పరు. మిల్లులో సోడియం లవణాలు వాడతారు కాబట్టి నీటిలో సోడియం, సల్ఫేట్ కూడా చూడాలి, పై బోరు, కింది బోరు పోల్చాలి. ఊరి నీళ్ళ మీద తగాదా ఉన్నప్పుడు ఒక్క అంకెతో "ఏం లేదు" అన్నా, "అంతా విషం" అన్నా రెండూ తొందరపాటే.

మా దగ్గర జరిగింది

నేను పత్తికొండ, డోన్ వైపు, పులివెందుల వైపు రైతుల దగ్గర బుడ్డలు కొని గానుగ ఆడిస్తాను. పోయిన సీజన్‌లో నాకు తెలిసిన ఒక రైతు 40 బస్తాల బుడ్డలు ఒక కొనుగోలుదారుకు పంపాడు. వాళ్ళు ఒకే బస్తాలోంచి గుప్పెడు తీసి, స్ట్రిప్ వేసి, అఫ్లాటాక్సిన్ ఎక్కువ ఉందని మొత్తం వెనక్కి పంపారు. మందు కొట్టలేదు, ఘనజీవామృతం వేసి పండించాడు, విషం ఎట్లా వస్తుందని ఆ అన్న బాధ.

ఇక్కడ రెండు విషయాలు. మొదటిది, పురుగుమందు కొట్టకపోతే అఫ్లాటాక్సిన్ రాదనేది తప్పు. అది ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ అనే బూజు చేసే విషం. కోతకు ముందు చివరి నెల రోజుల్లో బెట్ట, వేడి తగిలితే చేనులోనే పడుతుంది. మన రాయలసీమలో ఆ బెట్ట మామూలే. రెండోది, అది అన్ని గింజల్లో సమానంగా ఉండదు. వేల గింజల్లో ఒకటి రెండింటిలోనే చాలా ఎక్కువగా ఉండొచ్చు. అందుకే యూరప్‌లో పెద్ద లాట్లకు 100 చోట్ల నుంచి తీసి 20 కిలోల నమూనా చేస్తారు.

మేము 40 బస్తాలను రెండు గుంపులు చేశాం. బోరు ఎండిపోయిన కొండవైపు చెక్కలోవి 7 బస్తాలు, మిగతావి 33. ప్రతి బస్తాలో పైన, మధ్య, కింద తీసి కలిపాం. ఎలైసా పద్ధతిలో ఒకసారి, వేరే ల్యాబ్‌లో ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్‌లో ఒకసారి చేయించాం. ఎలైసా యాంటీబాడీ అంటుకోవడం మీద నడుస్తుంది, ఆ రెండోది బరువు మీద. ఒకటి పొరబడే కారణం ఇంకొకదానికి ఉండదు. ఇవి నిజంగా విడి సాక్షులు. రెండూ ఒకే మాట చెప్పాయి. 7 బస్తాల్లో హద్దు దాటింది, 33 బస్తాలు శుభ్రం.

స్ట్రిప్ అబద్ధం చెప్పలేదు, ఆ బస్తా వరకు నిజమే చెప్పింది. దాన్ని 40 బస్తాలకు అంటగట్టడమే అన్యాయం. ఆ 7 బస్తాలు గానుగకు వేయలేదు, చెక్క కూడా ఆవులకు పోనివ్వలేదు. గానుగ ఆడితే ఆ విషం ఎక్కువ భాగం చెక్కలో మిగులుతుంది, ఆ చెక్క తిన్న ఆవు పాలలోకి ఎం1 రూపంలో వస్తుంది. ఆ పాలు మన పిల్లలే తాగేది.

మీరు చేయాల్సింది

1. నమూనా మీరే దగ్గరుండి తీయించండి. వీలైనన్ని చోట్ల నుంచి తీసి, కలిపి, మూడు భాగాలు చేసి సీల్ వేయండి. ఒకటి ల్యాబ్‌కు, ఒకటి కొనేవాడికి, ఒకటి మీ దగ్గర. మూడో సంచే రేపు మీ సాక్షి.

2. చెక్కలు వేరైతే నమూనాలూ వేరు. నీళ్ళు అందినది, బెట్ట తగిలినది, పక్క చేను మందు కొట్టే గట్టువైపుది కలపొద్దు. గట్టువైపు మాత్రమే అవశేషం కనపడి మధ్యలో లేకపోతే గాలికి వచ్చిందనడానికి అదొక ఆధారం.

3. స్ట్రిప్ వడపోతకు మంచిది, తీర్పుకు కాదు. స్ట్రిప్ మీద లాట్ వెనక్కి పంపితే, అదే నమూనాను వేరే పద్ధతిలో చేయించమని అడగండి.

4. రిపోర్టులో పద్ధతి పేరు, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు, ఎంత వరకు కొలవగలరో ఆ హద్దు చూడండి. "బీఎల్‌క్యూ" అంటే సున్నా అని కాదు. ఆ మిషన్ నమ్మకంగా కొలిచే హద్దు కంటే తక్కువ అని.

5. అనుమానం ఉంటే రెండు ముక్కల నిష్పత్తి సరిపోయిందా అని ల్యాబ్‌ను అడగండి. అడగడం మన హక్కు, మంచి ల్యాబ్ చూపిస్తుంది.

6. నూనె, పొడి లాంటివి అమ్మే మనలాంటి చిన్న యూనిట్లకు చట్టమే ఈ రక్షణ ఇచ్చింది. 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం అధికారి తీసిన నమూనాను నాలుగు భాగాలు చేయాలి. మనం కోరితే ఒక భాగం గుర్తింపు ఉన్న వేరే ల్యాబ్‌కు పోతుంది. రెండు రిపోర్టులు కలవకపోతే రిఫరల్ ల్యాబ్ మాట చివరిది. నమూనా తీసే రోజే ఆ కోరిక కాగితం మీద రాసివ్వండి.

రెండో పరీక్షకు ఖర్చు అవుతుంది, నిజమే. ఒక్క రైతుకు భారం. అందుకే పదిమంది కలిసి, ముందు స్ట్రిప్‌తో వడపోసుకుని, అనుమానం ఉన్నవాటినే పెద్ద మిషన్‌కు పంపితే తల మీద పడేది తక్కువ. మీ ఊళ్ళో రైతు సంఘం ఉంటే ఈ సీజన్ కోతలకు ముందే ఈ మాట పెట్టండి.

నమూనా సంచి ఎట్లా కలపాలో, ఎట్లా భాగాలు చేయాలో పై వీడియోలో చేసి చూపించాను. ఇంట్లో పది కిలోల బుడ్డలతో ఒకసారి చేసి చూడండి, చేతికి అలవాటవుతుంది. ఉంటాను.